ఎత్తు లేని నేలలో ఒకే చెట్టును వందసార్లు ఎందుకు తీస్తారు?

క్లుప్తంగా: గోదావరి డెల్టా బల్లపరుపు నేల. ఇక్కడ చోటు మారినంత మాత్రాన దృశ్యం పెద్దగా మారదు, తేదీ మారితే మారుతుంది. ఒకే చెట్టునో, ఒకే రేవునో ఏడాది పొడవునా తీసే పద్ధతి ఈ నేలకు అందుకే నప్పుతుంది. పొద్దు పొడిచే దిక్కు, కాలువ నీటి రాకపోకలు, వరద రంగు, పొగమంచు ఈ మార్పును నడిపిస్తాయి. ఫోన్లు తమంతట తాము చేసే సర్దుబాట్లు మాత్రం ఈ తేడాలను చాలావరకు చెరిపేస్తాయి.

2024 ఆగస్టులో కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున ఉన్న నిద్రగన్నేరు చెట్టు కూలిపోయింది. నూటయాభై ఏళ్ళ నాటిదని చెప్పుకునే ఆ వృక్షాన్ని చుట్టుపక్కల అంతా ‘సినిమా చెట్టు’ అనేవారు. తెలుగు సినిమాల వాళ్ళు దశాబ్దాల తరబడి దాని నీడలో సన్నివేశాలు తీశారు. కూలిందన్న వార్త రాగానే ఎవరి ఫోన్లో ఉన్న పాత ఫొటో వాళ్ళు బయటికి తీశారు. వాటిని వరుసగా చూస్తే ఒక సంగతి తడుతుంది. చెట్టు ఒకటే, తీసినవాళ్ళు ఎందరో, ఫొటో మాత్రం చాలావరకు ఒకటే: పరుచుకున్న కొమ్మలు, వెనక నది, సాయంత్రపు వెలుగు.

మరోపక్క, ఒకే చెట్టునో ఒకే తీరాన్నో ఏళ్ళ తరబడి తీసే అలవాటు ప్రకృతి ఫొటోగ్రఫీలో పాతదే. ఆ ఫొటోలు ఒకదానికొకటి పోలవు. వందమంది తీస్తే ఒకే ఫొటో వస్తోంది, ఒకరే వందసార్లు తీస్తే వంద ఫొటోలు వస్తున్నాయి. ఈ తిరకాసుకు కారణం ఫొటోగ్రాఫర్ల ప్రతిభ కంటే నేల తీరులోనే ఎక్కువగా ఉంది.

చోటు మార్చే దారి, వేళ మార్చే దారి

ఒకే ప్రకృతి దృశ్యాన్ని పదేపదే పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. రెండింటికీ కుంచె పట్టినవాళ్ళే మేలైన ఉదాహరణలు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1830ల తొలి సంవత్సరాల్లో ఫుజి కొండను ముప్ఫై ఆరు చోట్ల నుంచి చూపిస్తూ చెక్క అచ్చు బొమ్మలు వేశాడు. ఆదరణ రావడంతో ఇంకో పది కలిపాడు. కొండ ఒకటే. చూసే చోటు మారుతూ ఉంటుంది: ఒకసారి లేచిన అల వెనక చిన్నగా, ఇంకోసారి బొమ్మంతా తానే అయి ఎర్రగా. ఫ్రెంచి చిత్రకారుడు మోనే దారి వేరు. 1890, 1891 సంవత్సరాల్లో ఆయన తన ఇంటి పక్క పొలంలోని కోత కుప్పలను ఇరవైకి పైగా కాన్వాసుల మీద వేశాడు. చోటు పెద్దగా కదలలేదు. వెలుగు మారగానే చేతిలోని కాన్వాసు పక్కన పెట్టి, ఆ వెలుగుకు తగిన మరో కాన్వాసు అందుకునేవాడు.

హొకుసాయ్ దారి నడవాలంటే ఎక్కడి నుంచైనా కనిపించే వస్తువు ఉండాలి. ఫుజి ఎత్తు 3,776 మీటర్లు. గోదావరి డెల్టాలో ధవళేశ్వరం దగ్గర నుంచి సముద్రం వరకు నేల దిగే మొత్తం ఎత్తు పదిహేను మీటర్లకు అటూ ఇటూ. కోనసీమలో అయితే ఫర్లాంగు దూరంలోనే కొబ్బరి తోట అడ్డొచ్చి చూపు ఆగిపోతుంది. తల ఎత్తి నిలబడేవి గుడి గోపురం, మంచినీళ్ళ ట్యాంకు, సెల్ టవర్. ఈ చివరి రెంటినీ ఫొటోలోకి రానివ్వకుండా ఉండటానికే సగం శ్రమ సరిపోతుంది. ఒక కాలువ గట్టు దిగి కిలోమీటరు నడిచి మరో గట్టు ఎక్కితే మళ్ళీ అదే కాలువ, అదే కొబ్బరి వరుస, అదే వంగిన మాను.

కాబట్టి కోనసీమ ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయన్న ఫిర్యాదులో నిజం ఉన్నా, నింద మోయాల్సింది ఫొటో తీసినవాళ్ళొక్కరే కాదు. ఎత్తుపల్లాలు లేని నేల చూపుకు కొత్త కోణం ఇవ్వదు. ఇక్కడ పనికొచ్చేది మోనే దారే.

ఫొటోగ్రఫీలో ఆ దారి పట్టినవారు లేకపోలేదు. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1920ల నుంచి దాదాపు పదేళ్ళకు పైగా మేఘాలను మాత్రమే తీసిన వరుస ఒకటుంది. నేల కూడా కనబడని మేఘాలు అవి. జపాన్‌కు చెందిన హిరోషి సుగిమోతో 1980లో సముద్రాలను తీయడం మొదలుపెట్టాడు. సగం నీరు, సగం ఆకాశం, నడుమ గీత. ప్రతి ఫొటోలో అంతే. ఆయన దేశాలు తిరిగి వేర్వేరు సముద్రాలను తీసినా కూర్పు మార్చలేదు. కూర్పు కదలకపోవడం వల్లే గాలిలోని తేమ, గీత పదును, అలల నేత వంటి చిన్న తేడాలు పెద్దవై కంటబడతాయి. బల్లపరుపు నేలను లోపమనుకునేవారు ఒకసారి ఆ ఫొటోలు చూడవచ్చు.

పొద్దు జరిగే 49 డిగ్రీలు

అదే చోట నిలబడి అదే చెట్టును చూసేవారికి మొదట మారేది వెలుగు వచ్చే దిక్కు. డెల్టా సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఆ లెక్కన జూన్ మూడో వారంలో సూర్యుడు సరి తూర్పుకు 24.5 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తాడు. డిసెంబరు మూడో వారంలో అంతే దక్షిణంగా పొడుస్తాడు. ఏడాదిలో మొత్తం ఊగులాట 49 డిగ్రీలు. మామూలు ఫోను ప్రధాన కెమెరా అడ్డంగా పట్టుకునే కోణం 65 నుంచి 70 డిగ్రీలు. అంటే తూర్పుకు తిప్పి స్టాండు మీద పెట్టిన ఫోను ఏడాదిలోని ఉదయాలన్నింటినీ ఒకే ఫ్రేములో ఇముడ్చుకోగలదు.

ఈ జరుగుడు ఏడాదంతా ఒకే వేగంతో ఉండదు. పంచాంగం చూడకుండా బయలుదేరేవారు బోల్తా పడేది ఇక్కడే. మార్చి, సెప్టెంబరు నెలల మూడో వారంలో పొద్దుపొడుపు రోజుకు దాదాపు 0.4 డిగ్రీ పక్కకు తప్పుకుంటుంది. చెట్టుకు 100 మీటర్ల దూరంలో నిలబడితే ఇది సుమారు 70 సెంటీమీటర్లతో సమానం, అంటే రెండు కొబ్బరి మానుల మందం. ఈ రోజు మాను వెనక సరిగ్గా కూర్చున్న బింబం రేపు పక్కన వేలాడుతుంది. ఆ అమరిక మళ్ళీ కావాలంటే ఆరు నెలలు ఆగాలి, లేదా తాను జరగాలి. జూన్, డిసెంబరు నెలల మూడో వారాల్లో పరిస్థితి వేరు. అప్పుడు రెండు వారాలపాటు పొద్దు దాదాపు ఒకే చోట పొడుస్తుంది. ఒక రోజు మబ్బు పట్టినా మర్నాడు అదే అమరిక దొరుకుతుంది. ధనుర్మాసపు ఉదయాల ఫొటోలు అంత సమృద్ధిగా ఉండటానికి మంచు ఒక కారణమైతే, కదలని పొద్దు రెండోది.

మధ్యాహ్నం వెలుగు లెక్క కూడా ఈ అక్షాంశంలో వింతగా ఉంటుంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి పక్షంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెంటికీ మధ్య మిట్టమధ్యాహ్నపు పొద్దు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటుంది, నీడ దక్షిణానికి పడుతుంది. చెట్టు నీడ దాని పాదంలోనే ముడుచుకునే ఈ నెలల్లో పదింటి నుంచి మూడింటి దాకా తీసిన ఫొటోలో రూపం చదునుగా వస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీలకు మించి ఎక్కడు. కాబట్టి శీతకాలంలో రోజంతా పక్కవాటు వెలుగు దొరుకుతుంది.

దేశపు గడియారం ఆధారపడే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. అందువల్ల డెల్టాలో గడియారపు పన్నెండుకూ సూర్యుడి పన్నెండుకూ తేడా ఎప్పుడైనా పావుగంటకు అటూ ఇటూ మాత్రమే. గుజరాత్‌లోనో అస్సాంలోనో ఉన్నవారికి లేని సౌకర్యం ఇది. ఇక్కడ గంట చూసి వెలుగు ఊహించవచ్చు. మే చివర పొద్దు అయిదున్నర ప్రాంతంలో పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది.

నీటి పంచాంగం

వెలుగు అన్ని ఊళ్ళలోనూ మారుతుంది. డెల్టాను వేరు చేసేది నీరు. ఇక్కడి నీరు వానను బట్టి కాక ధవళేశ్వరం తలుపులను బట్టి వస్తుంది, పోతుంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో తర్వాత వచ్చిన బ్యారేజీ, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు కలిసి ఒక కృత్రిమ రుతుచక్రాన్ని తయారుచేశాయి. ఒక చెట్టును ఏడాదిపాటు తీయదలచుకున్నవారికి ఆకురాలు కాలం, వసంతం అన్న మాటల కంటే కాలువకు నీళ్ళు కట్టేసే తేదీ ఎక్కువ పనికొస్తుంది.

ఏటా ఏప్రిల్ రెండో సగంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేయడం, జూన్‌లో నీళ్ళు వదలడం రివాజు. కట్టేసిన కాలువ చెట్టు ఫొటోను తలకిందులు చేస్తుంది. అంతవరకు సగం ఫ్రేము నింపిన ప్రతిబింబం మాయమవుతుంది. దాని చోట నెర్రెలు విచ్చిన బురద, ఎండి గోధుమరంగుకు తిరిగిన గుర్రపుడెక్క, మట్టిలో కూరుకుపోయిన చెప్పు బయటపడతాయి. లాకుల గోడ దగ్గరకు వెళ్ళి చూస్తే ఏడాది మొత్తం రాతి మీద గీసి ఉంటుంది: పైన ఎండకు తెల్లబారిన రాయి, దాని కింద జానెడు వెడల్పున నల్లటి నాచు పట్టీ, ఇంకా కింద నీళ్ళలో నానుతూనే ఉండే ఆకుపచ్చ జారుడు, ఆ జారుడులో అక్కడక్కడ నత్తగుల్లలు. చాలామంది ఈ రెండు నెలలూ కెమెరా లోపల పెట్టేస్తారు. వరుసలో ఎక్కువ లోటు కనిపించేది కూడా ఈ నెలల్లోనే.

జూన్‌లో వదిలిన తొలి నీరు ముందు చెత్తను తోసుకొస్తుంది. తర్వాత సార్వా (వానాకాలపు పంట) ఊడ్పులు. నారు పీకి నాటిన మడి మూడు నాలుగు వారాలపాటు అద్దంలా ఉంటుంది, పిలక వేసి ఆకు కమ్ముకోగానే అద్దం మూసుకుపోతుంది. దాళ్వా (రెండో పంట) వేసే చోట్ల డిసెంబరు చివరి నుంచి జనవరి వరకు ఈ అద్దం రెండోసారి తెరుచుకుంటుంది. చేలో ఒంటరిగా నిలబడ్డ తాటి చెట్టుకు నిలువెత్తు ప్రతిబింబం కావాలంటే ఏడాదికి ఉన్నవి ఈ రెండు వాటాలే. రెండూ ఒకటి కావు. మొదటిదానిలో మబ్బు ప్రతిబింబిస్తుంది, రెండోదానిలో మంచు.

2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు సార్వా పంట విరామం ప్రకటించారు. ఆ ఏడాది ఆ చేలల్లో అద్దాలు తెరుచుకోలేదు. ఊడ్పుల మాసంలో బీడు కనిపించే ఫొటో ఒంటరిగా చూస్తే ఏదో ఎండాకాలపు బొమ్మ అనిపిస్తుంది. ముందు ఏటి ఫొటో, తర్వాతి ఏటి ఫొటో పక్కన ఉంటేనే అది వార్త అవుతుంది.

జూలై, ఆగస్టుల్లో నది రంగు మారుతుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చే ఒండ్రుతో గోదావరి ఎర్రబడుతుంది. ఇక్కడ కొత్తవారిని తికమకపెట్టే విషయం ఒకటి ఉంది. వరద ఉధృతంగా ఉన్న రోజున డెల్టాలో ఎండ కాయవచ్చు. వాన పడింది ఎక్కడో ఎగువన, నీరు ఇక్కడికి చేరేసరికి ఇక్కడి ఆకాశం తేటపడి ఉండవచ్చు. నీలి ఆకాశం కింద ఎర్రటి నది, అందులో నడుము దాకా మునిగిన లంకల చెట్లు. ఈ కలయిక మిగతా నెలల్లో అరుదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలకు చేరింది. ఇలాంటి రోజుల్లో లంక గ్రామాల వైపు కెమెరా పట్టుకుని వెళ్ళడం సహాయక పనులకు అడ్డం. ఏటిగట్టు మీది నుంచి, పోనిచ్చిన మేరకే తీయడం మర్యాద.

సముద్రం దగ్గరపడేకొద్దీ పంచాంగం చంద్రుడి చేతికి పోతుంది. అంతర్వేది, ఓడలరేవు మొగల దగ్గర, కోరింగ మడ అడవుల్లో పోటు (నీరు ఎక్కడం), పాటు (నీరు దిగడం) రోజుకు రెండేసి సార్లు వస్తాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈ తీరంలో ఆటుపోట్ల తేడా ఎక్కువేమీ కాదు, పెద్ద పోటుకు కూడా ఒకటిన్నర మీటరు ప్రాంతం. నేల చదును కావడం వల్ల ఆ కొద్ది తేడాకే బోలెడు బురద మేట తేలుతుంది. మడ చెట్ల శ్వాసవేర్లు మేకుల్లా పైకి కనిపించేది అప్పుడే. పొద్దుపొడుపూ పాటూ ఒకే వేళకు కుదిరిన రోజు దొరికితే, మళ్ళీ సుమారు పదిహేను రోజులకు అదే కుదురు వస్తుంది. మడ చెట్టును వరుసగా తీసేవారు వారాల లెక్క మాని అమావాస్య, పౌర్ణముల లెక్క పెట్టుకోవడం మేలు.

మంచు ఇచ్చే లోతు

బల్లపరుపు నేలలో ఫొటోకు లోతు రాదు. కొండలున్న చోట దూరం ఒకదాని వెనక ఒకటిగా పేర్చి ఉంటుంది. ఇక్కడ దగ్గరి కొబ్బరి, దూరపు కొబ్బరి ఒకే ఆకుపచ్చ గోడలో అతుక్కుపోతాయి. వాటిని విడదీసేది పొగమంచు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆకాశం తేటగా ఉండి, గాలి ఆడకపోతే నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది. తడి మళ్ళ మీద, కాలువల మీద ఉన్న తేమ గాలి చల్లబడి నీటి తుంపరగా మారుతుంది. చూపు కిలోమీటరు లోపే ఆగిపోతే వాతావరణ శాఖ లెక్కలో అది పొగమంచు.

ఇలాంటి మంచులో దూరం పెరిగేకొద్దీ వస్తువుకూ వెనకనున్న తెలుపుకూ తేడా వేగంగా పడిపోతుంది. ముందున్న మాను నల్లగా, దాని వెనకది బూడిద రంగులో, ఆ వెనకది ఉందో లేదో అన్నట్టు. పలచటి మంచు నేలను అంటుకుని ఉన్న రోజుల్లో మానులు మాయమై, మట్టలు మాత్రం పైన తేలతాయి. భోగి నాటి తెల్లవారుజామున ఇంకో తమాషా. చల్లగాలి కింద, వెచ్చగాలి పైన ఉండటంతో మంటల పొగ పైకి పోలేక కొబ్బరి మొవ్వుల ఎత్తున చాపలా పరుచుకుంటుంది. దాని వెనక నుంచి పొద్దు పొడిస్తే వెలుగు చారలు కట్టినట్టు పడుతుంది.

మంచు ఫొటోలు ఎక్కువగా బూడిద రంగులో ఎందుకు వస్తాయన్నది తరచుగా వినిపించే ప్రశ్న. కెమెరా ప్రతి దృశ్యాన్నీ సగటు వెలుగు ఉన్నదిగా ఊహించుకుంటుంది. ఫ్రేమంతా తెలుపే ఉంటే, వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. చేత్తో ఒక స్టాపు మేర, అంటే రెట్టింపు, వెలుగు పెంచితే మంచు మంచులా కనిపిస్తుంది.

మారే చెట్టు, మారని చెట్టు

ఇన్ని మారుతున్నప్పుడు నడుమ నిలబెట్టే వస్తువు ఏదై ఉండాలి? చాలామంది చేయి ముందు కొబ్బరి మీదికే పోతుంది. కొబ్బరి నెలకు సుమారు ఒక మట్ట వేస్తుంది, పాత మట్ట ఒకటి రాలుతుంది. తల మీద ముప్ఫైకి అటూ ఇటూ మట్టలు ఎప్పుడూ ఉంటాయి. మాను ఎత్తు పెరుగుతుంది గానీ లావెక్కదు. రుతువులు దాని మీద ఆనవాలు వదలవు. జనవరి కొబ్బరికీ జూలై కొబ్బరికీ చెట్టుగా తేడా లేదు.

ఇది లోపం కాదు, ఒక రకం ఉపయోగం. తాను మారని చెట్టు కొలబద్దగా నిలబడి, చుట్టూ ఉన్న నీటినీ పైరునూ ఆకాశాన్నీ కొలుస్తుంది. తానే మారే చెట్టు కావాలంటే రావి ఉంది: మాఘ ఫాల్గుణాల్లో ఆకు దులిపేసి, రాగి రంగు చిగురుతో పది రోజుల్లో వేరే చెట్టయిపోతుంది. బూరుగు ఉంది: ఆకంతా పోయాక ఎర్రటి పూలతో నిలబడుతుంది. వీటిని తీసేటప్పుడు వెనక దృశ్యం నిరాడంబరంగా ఉండాలి. చెట్టూ మారి, కిందనున్న చేనూ మారితే చూసేవారు దేన్ని చూడాలో తెలియక తికమకపడతారు.

నిద్రగన్నేరు రెండు రకాలకూ మధ్యస్థం, రోజులోనే మారుతుంది. పొద్దు వాలుతుండగా దాని చిన్నాకులు జంటలు జంటలుగా దగ్గరికి చేరి ముడుచుకుంటాయి. నాలుగింటికి కొమ్మల కింద చిక్కటి నీడ ఉంటే, చీకటి పడేవేళకు అదే కొమ్మల సందుల్లోంచి ఆకాశం జల్లెడ పట్టినట్టు కనిపిస్తుంది. మబ్బు కమ్మి వాన వచ్చే ముందు కూడా ముడుచుకోవడం కద్దు. పడమటి వెలుగులో నల్లటి నీడబొమ్మగా తీసినప్పుడు ఈ చెట్టు కొమ్మల అల్లిక అంత స్పష్టంగా రావడానికి కారణం ఇదే. కుమారదేవం చెట్టు సాయంత్రపు ఫొటోలకు అంత పేరు రావడంలో దర్శకుల ప్రతిభతోపాటు ఆకు ప్రవర్తనకూ వాటా ఉంది.

ఫోను చెరిపేసే తేడాలు

ఇంత మార్పు కళ్ళెదుట జరుగుతున్నా, ఏడాది పొడవునా ఫోనుతో తీసిన వరుస ఒక్కోసారి చప్పగా ఉంటుంది. ఫోను ప్రతి ఫొటోనూ విడిగా ‘బాగు’ చేస్తుంది. తెల్లటి వస్తువు తెల్లగా కనిపించాలన్న లెక్కతో రంగులను సర్దుతుంది. దానితో వరద ఎరుపు కాస్త గోధుమకు, మంచులోని నీలం కాస్త తటస్థానికి జరుగుతాయి. నీడలను తెరుస్తుంది, మెరుపులను అణుస్తుంది. నల్లటి నీడబొమ్మగా రావాల్సిన చెట్టులో ఆకులన్నీ లెక్కపెట్టేలా వస్తాయి. పైరును గుర్తుపట్టి పచ్చదనం పెంచే ఫోన్లూ ఉన్నాయి. వెరసి జనవరిని జూలైకి, జూలైని జనవరికి దగ్గర చేస్తుంది. ఒంటరి ఫొటోకు ఇది మేలు చేయవచ్చు. వరుసకు మాత్రం చేటు, ఎందుకంటే వరుసలో విలువ తేడాదే.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. రంగుల సర్దుబాటును ‘పగటి వెలుగు’ దగ్గర బిగించేయాలి. వెలుతురు చేత్తో పెట్టుకోవాలి. వీలుంటే సర్దుబాట్లు లేని రా ఫైలుగా దాచుకోవాలి. లెన్సు విషయంలో ఇంకో చిక్కు ఉంది. రెండు మూడు లెన్సుల ఫోన్లలో చాలావరకు, వెలుగు తగ్గగానే దూరపు లెన్సును వదిలి ప్రధాన లెన్సు బొమ్మనే కత్తిరించి ఇస్తాయి. తీసేవారికి తెలియకుండానే పరికరం మారిపోతుంది. ప్రధాన లెన్సుతోనే తీయాలని మొదటి రోజే నియమం పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

అదే చోటుకు మళ్ళీ చేరడం

వరుస అన్నాక చోటు తప్పకూడదు. ఇది వినడానికి చిన్న విషయం, చేయడానికి కాదు. ముందున్న వస్తువుకూ వెనకనున్న వస్తువుకూ మధ్య ఫొటోలో కనిపించే పొత్తును నిర్ణయించేది లెన్సు కాదు, నిలబడిన చోటు. రెండు అడుగులు పక్కకు జరిగితే చెట్టు వెనకనున్న గోపురం కొమ్మల్లోంచి బయటికొచ్చేస్తుంది.

ఈ సూత్రాన్నే పనిముట్టుగా వాడుకున్నారు అమెరికాలో. 1977 నుంచి 1979 వరకు మార్క్ క్లెట్ ప్రధాన ఫొటోగ్రాఫరుగా ఉన్న ఒక బృందం, పందొమ్మిదో శతాబ్దపు సర్వే ఫొటోగ్రాఫర్లు నిలబడిన చోట్లను వెతికి పట్టుకుని అవే దృశ్యాలను మళ్ళీ తీసింది. దగ్గరి రాయి అంచు దూరపు కొండ అంచుతో పాత ఫొటోలో ఎక్కడ కలిసిందో, కొత్త ఫొటోలోనూ అక్కడే కలిసేదాకా కెమెరాను జరుపుతూ పోయారు. డెల్టాలో కొండ అంచులు లేవు గానీ కదలని గుర్తులకు కొదవ లేదు: లాకుల రాతిగోడ, వంతెన పిల్లరు, గోపురం, అంతర్వేది లైట్‌హౌస్. దగ్గర ఒకటి, దూరంగా ఒకటి, రెంటినీ ఒకే వరుసలో పెట్టుకుంటే చాలు. కరెంటు స్తంభాన్ని నమ్ముకోకూడదు. ఒక తుపానుకే అది ఒరిగిపోతుంది. గట్టును కూడా పూర్తిగా నమ్మలేం. వరద రక్షణ కోసం ఏటిగట్టు ఎత్తు పెంచిన చోట నిలబడే నేలే మీటరో రెండు మీటర్లో పైకి లేచి ఉంటుంది.

చోటు ఇంత కచ్చితంగా పట్టినందుకు దక్కే ఫలితం అందం ఒక్కటే కాదు. డెల్టాలో చాలా మార్పులు ఒక ఫొటోలో కనిపించనంత నెమ్మదిగా జరుగుతాయి. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతుండటంతో సముద్రానికి చేరే మేట తగ్గింది. తీరంలో కొన్నిచోట్ల కోత పెరిగింది. దేశంలో 2016లో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరికి సోకితే కింది మట్టలు మసి పట్టినట్టు నల్లబడతాయి, ఫొటోలో మొదట తెలిసేది అదే. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ పరిసరాల్లో ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి తలలు వాడిపోయాయి. ఇక 1996 నవంబరు 6 తుపాను ఒక్క రాత్రిలో కోనసీమ తోటల రూపమే మార్చేసింది. దానికి ముందు ఒకే తోటను ఒకే చోట నుంచి తీసిన ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే వాటికి ఈ రోజున రెవెన్యూ రికార్డుకు తీసిపోని విలువ ఉంటుంది.

కుమారదేవం చెట్టు విషయంలోనూ అంతే. అది పడింది వరద రోజుల్లో, నది గట్టు మీద. కానీ అందం కోసం కూర్చిన ఫ్రేములో సాధారణంగా కొమ్మలుంటాయి, ఆకాశం ఉంటుంది. వేరు మొదలు, గట్టు అంచు కింద తెగిపోతాయి. వేలకొద్దీ ఫొటోలున్నా, అంచు ఏయేటికి ఎంత దగ్గరపడిందో చెప్పేవి వాటిలో వెతుక్కోవాల్సిందే. కూలిన కొన్ని వారాలకు చెట్టు మొదలు నుంచి కొత్త చిగుళ్ళు వచ్చాయి కాబట్టి, మరో వరుసకు అక్కడ ఇంకా చోటుంది. ఈసారి కింది భాగాన్ని కొంచెం ఎక్కువ వదలడం మంచిది.

గుంపు, డ్రోను

ఒక చెట్టుకు పేరొస్తే దానికి ముప్పూ వస్తుంది. న్యూజీలాండ్‌లోని వానాకా సరస్సులో నీళ్ళ మధ్య నిలిచిన విల్లో చెట్టు ఆ దేశంలో అత్యధికంగా ఫొటోకెక్కిన చెట్లలో ఒకటి. 2020 మార్చిలో ఎవరో దాని కింది కొమ్మలు కోసేశారు. ఇంగ్లండులో రోమన్ల కాలపు హేడ్రియన్ గోడ పక్కన రెండు గుట్టల నడుమ ఉన్న సికమోర్ చెట్టును 2023 సెప్టెంబరులో రాత్రికి రాత్రి నరికేశారు. ఇద్దరికి శిక్ష పడింది. డెల్టాలో ముప్పు ఇంత దారుణంగా ఉండకపోవచ్చు. ఇక్కడ నలిగేది ఎక్కువగా చెట్టు కాదు, చెట్టు దాకా వెళ్ళే దారిలోని ఊడ్చిన మడి, తెగిన గట్టు. రైతుకు చెప్పి వెళ్ళడం, ఒంటరి చెట్టు ఉన్న చోటును బహిరంగంగా గుర్తుపెట్టకపోవడం కనీస జాగ్రత్తలు.

ఎత్తు లేని నేలకు డ్రోను ఎత్తు ఇచ్చిందన్నది నిజమే. 2021 డ్రోను నిబంధనల ప్రకారం ఆకుపచ్చ మండలంలో (గ్రీన్ జోన్) 120 మీటర్ల వరకు ముందస్తు అనుమతి లేకుండా ఎగరవేయవచ్చు. విమానాశ్రయం చుట్టుపక్కల, రక్షిత స్థావరాల మీద ఆంక్షలుంటాయి. కోనసీమలో చమురు, గ్యాసు బావులు, పైపులైన్లు చాలాచోట్ల ఉన్నాయి కాబట్టి ఎగరవేసే ముందు అధికారిక పటం చూసుకోక తప్పదు. అయితే డ్రోనుతోనూ పాత చిక్కే తిరిగొచ్చింది. పై నుంచి నిలువుగా చూసిన కాలువ, ఇరువైపులా కొబ్బరి చుక్కలు, నడుమ ఒక పడవ. కొత్త ఎత్తులో మళ్ళీ అందరిదీ ఒకే ఫొటో.

వరుస మొదలుపెట్టేవారికి ఖరీదైన పరికరాల కంటే ఒక నోటుపుస్తకం ఎక్కువ అవసరం. తేదీ, గంట, లెన్సు, నిలబడిన గుర్తులు, తిథి, కాలువలో నీళ్ళున్నాయా లేదా. వరద రోజుల్లో అయితే ధవళేశ్వరం నీటిమట్టం కూడా. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. ఆ రోజుల్లో మట్టం ఎంతుందో గంట గంటకూ ప్రకటిస్తూ ఉంటారు. ఆ అంకెను ఫొటో ఫైలు పేరులోనే చేర్చితే, పదేళ్ళ తర్వాత ఏ మట్టానికి నీరు చెట్టు మొదలును తాకిందో వెతకడానికి వేరే పట్టిక అక్కర్లేదు.